నాగావళిలో వేసిన అర్జీలు

శ్రీకాకుళంలో మా ఇంటికి రెండు వాటాలు. వీధి వైపు వాటాలో మేముండేవాళ్ళం, పెరటి వైపు వాటా అద్దెకిచ్చేవాళ్ళం. అలా అద్దెకి వచ్చినవాళ్ళలో నేను ఇప్పటికీ తలుచుకునేది ఓవర్సీరు గారి కుటుంబాన్ని. వాళ్ళది బందరు. వంశధార ఎడమ కాలువ పనులు జరుగుతున్న రోజుల్లో ఆయనకి ఇటు బదిలీ అయింది. ఆయన, భార్య, నా ఈడు కూతురు, ఆయన తల్లి. మా పిల్లలకి ఆయన మావయ్యగారు, ఆవిడ అత్తయ్యగారు. పెద్దావిడని మాత్రం వాళ్ళమ్మాయి పిలిచినట్టే దాదీమా అనేవాళ్ళం. రెండు ఇళ్ళకీ నుయ్యి ఒకటే, పెరడు ఒకటే. మా నాయనమ్మకీ దాదీమాకీ అరుగు కూడా ఒకటే.

వాళ్ళు ముస్లింలలో షియా శాఖ వాళ్ళు. అప్పట్లో మా వీధిలో ఎవరికీ షియా, సున్నీ తేడా తెలీదు, సాయిబులంటే సాయిబులే. నాన్నగారు స్కూలు మాస్టారు కాబట్టి కాస్త చరిత్ర చెప్పేవారు. మా ఊరి జామియా మసీదు కట్టించిన ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ గోల్కొండ కుతుబ్‌షాహీల కాలం వాడనీ, ఆ నవాబులు షియాలేననీ ఆయన చెప్పగా విన్నాను. కానీ నా చిన్నతనానికి మా చుట్టుపక్కల ఉన్న ముస్లిం కుటుంబాలన్నీ సున్నీలే. షియాల ఇల్లంటే మా పెరటి వాటా ఒక్కటే.

మొహర్రం వస్తే వాళ్ళు బందరు వెళ్ళిపోయేవారు. తిరిగొచ్చాక కూడా, మొత్తం రెండు నెలల ఎనిమిది రోజులు, ఆ ఇంట్లో శుభకార్యం మాట ఉండేది కాదు. అత్తయ్యగారు నల్లచీరలే కట్టేవారు. 680లో కర్బలాలో ప్రవక్త మనవడు ఇమాం హుసేన్‌కి, పసిపిల్లలకి కూడా నీళ్ళు అందకుండా చేసి చంపారని దాదీమా చెప్తుంటే, మొన్నమొన్ననే ఇంట్లో మనిషి పోయినట్టు ఉండేది. అయితే నేను ఇవాళ రాయాలనుకున్నది మొహర్రం గురించి కాదు. వాళ్ళ ఎదురుచూపు గురించి.

దాదీమా చెప్పిన కథ ఇది. ప్రవక్త తరవాత పన్నెండుమంది ఇమాములు. మొదటివారు అలీ, మూడోవారు హుసేన్, పన్నెండోవారు మహదీ. హిజ్రీ 255లో, అంటే మన లెక్కలో 869లో, ఇరాక్‌లోని సామర్రాలో పుట్టారు. అది షాబాన్ నెల పదిహేనో రోజు. తండ్రి పోయాక, ఖలీఫాల కంట పడకుండా ఆయన మరుగయ్యారు. దాదాపు 70 ఏళ్ళు నలుగురు ప్రతినిధులు ఒకరి తరవాత ఒకరు ఆయన ఉత్తరాలు జనానికీ, జనం ఉత్తరాలు ఆయనకీ చేరవేశారు. 941లో నాలుగో ఆయన పోవడంతో ఆ దారి కూడా మూసుకుపోయింది. అయినా ఇమాం బతికే ఉన్నారు, మనుషుల మధ్యే తిరుగుతున్నారు. దేవుడు అనుమతించిన రోజున కాబా దగ్గర బయటపడతారు. అన్యాయంతో నిండిపోయిన భూమిని న్యాయంతో నింపుతారు. ఈసా ప్రవక్త, అంటే యేసు, దిగివచ్చి ఆయన వెనక నిలబడి నమాజు చేస్తారు.

ఈ కథలో ఒక చోట ఆయనకి 'ఖాయిం', అంటే లేచి నిలబడేవాడు, అనే బిరుదు వస్తుంది. అది పలికినప్పుడల్లా దాదీమా లేచి నిలబడి కుడిచెయ్యి తలమీద పెట్టుకునేది. మోకాళ్ళ నొప్పులతో మంచం దిగడమే కష్టమయ్యే మనిషి. గోడ పట్టుకుని, రెండుసార్లు ఊపిరి తీసుకుని మరీ లేచేది. కూర్చోండి దాదీమా, మేం వింటాంలే అంటే ఒప్పుకునేది కాదు. ఆయన వచ్చిన రోజున కూర్చుని ఉంటానా, మరి ఇప్పుడెలా కూర్చుంటాను అనేది.

మా నాయనమ్మకి ఇందులో వింతేమీ కనపడలేదు. "మా కల్కీ అంతేనమ్మా. తెల్లగుర్రమెక్కి, కత్తి పట్టుకుని వస్తాడు. కలి ముదిరాక గానీ రాడు" అనేది. సాయంత్రం దీపాలు పెట్టాక వాళ్ళిద్దరూ అరుగు మీద లోకాంతం గురించి ఎంత తాపీగా మాట్లాడుకునేవారో! బ్రహ్మంగారు చెప్పినవి ఈవిడ చెప్పేది. సుఫ్యానీ అనే దుర్మార్గుడు షాం దేశంలో, అంటే సిరియాలో, లేవడం, ఆకాశంలోంచి అందరికీ వినపడేలా కేక రావడం, మక్కా మీదికి వెళ్ళే సైన్యాన్ని భూమి మింగెయ్యడం ఆవిడ చెప్పేది. ఇమాం వెంట మొదట నిలిచే 313 మందిలో 50 మంది ఆడవాళ్ళుంటారని దాదీమా అన్న రోజు మా నాయనమ్మ చాలాసేపు ఆలోచించింది. "మా కల్కి వెనక ఆడాళ్ళున్నారని ఎవరూ చెప్పలేదు" అంది చివరికి, కొంచెం నొచ్చుకున్నట్టుగా.

ఇదంతా నాకు కథలాగే ఉండేది, 1979 జులై దాకా.

ఆ ఏడాది స్కైలాబ్ భయం ఎలా ఉందో, అప్పటికి ఊహ తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అమెరికావాళ్ళు 1973లో పైకి పంపిన ఆకాశ నౌక, డెబ్భై టన్నులకి పైగా బరువు, కిందికి జారిపోతోంది, ఎక్కడ పడుతుందో వాళ్ళకే తెలీదు. రేడియోలో వచ్చింది ఇంతే. మా వైపు పల్లెల్లో అది ప్రళయమై కూర్చుంది. కోళ్ళు కోసేశారు, మేకలు కోసేశారు. మాకు పాలు పోసే ఆవిడ వాడిక డబ్బులు అడగడం మానేసింది. "అంతా పోతాదంట గదమ్మా, దాసుకుని ఏటి సేసుకుంటాం? ఉన్నన్నాళ్ళు తినీడమే" అంది మా అమ్మతో. కొన్ని ఊళ్ళలో ఆకుమళ్ళు పోసే పని కూడా ఆపేశారు. పండేదాకా ఎవరుంటారని! మా స్కూల్లో పిల్లలం ఇంటర్వెల్లో ఆకాశం కేసి చూస్తూ నిలబడేవాళ్ళం.

కాలువ పని మీద కూలీలు రావడం మానేశారు. మావయ్యగారు మాత్రం మామూలుగానే తెల్లవారి బస్సుకి బయల్దేరి వెళ్ళేవారు. రెండోరోజో మూడోరోజో, కాలువ కాపలా చూసే లష్కరు ఒకడిని వెంటబెట్టుకుని తనే పార తీసుకుని గట్టు మీద గండి పూడ్చారట. వానాకాలం, గండి అలా వదిలేస్తే గట్టు మొత్తం కోసుకుపోతుంది. ఓవర్సీరు స్వయంగా మట్టి ఎత్తడం చూసి ఊళ్ళోవాళ్ళు కొందరు సిగ్గుపడి వచ్చి చెయ్యి కలిపారని ఆ లష్కరే మా ఇంటికొచ్చినప్పుడు చెప్పాడు.

ఆ రాత్రి పెరట్లో నేను ఆయన్ని అడిగాను. ఆకాశంలోంచి కేక వస్తుందని దాదీమా చెప్పింది కదా, ఇది అదేనా మావయ్యగారూ అని. ఆయన నవ్వలేదు. పిల్లవాళ్ళ ప్రశ్నకి కూడా ఆయన ఎప్పుడూ పూర్తి జవాబే చెప్పేవారు. "కాదు తల్లీ. ఫలానా రోజున అని లెక్కగట్టి చెప్పేవాళ్ళు అబద్ధాలకోరులని మా ఇమాములే చెప్పారు. ఆ రోజు దేవుడికి తెలుసు. మనకి తెలియక్కర్లేదు, మనకి తెలియాల్సింది ఇవాళ చెయ్యాల్సిన పని" అన్నారు. ఆ వెంటనే ఇంకో మాట చెప్పారు. ప్రళయం వచ్చిపడే వేళకి నీ చేతిలో మొక్క ఉంటే, నాటగలిగితే నాటెయ్యమని ప్రవక్త అన్నారట. ఆ మాట షియాలూ సున్నీలూ ఇద్దరూ చెప్పుకుంటారని పెద్దయ్యాక తెలిసింది. ఆకుమళ్ళు పొయ్యడం మానేసిన రైతుల దగ్గర ఆయన ఆ మాటే చెప్పుకుంటూ తిరిగారు, అదీ ప్రవక్త పేరెత్తకుండా, మామూలు సలహాలాగా.

ఆ వారంలోనే షాబాన్ పదిహేను వచ్చింది. మిగతా ముస్లింల ఇళ్ళలో అది షబే బరాత్. సమాధుల దగ్గర దీపాలు పెట్టి రాత్రంతా జాగారం చేస్తారు. వీళ్ళకి అదీ ఉంది, దానితో పాటు పన్నెండో ఇమాం పుట్టినరోజు కూడా. పెరట్లో చిన్న చిన్న ప్రమిదలు వెలిగించారు, పాయసం చేశారు. తెల్లవారుజామున అరీజాలు వేశారు. అరీజా అంటే ఇమాంకి రాసుకునే అర్జీ. దాదీమా కుంకుమపువ్వు నానబెట్టిన నీళ్ళలో సన్నటి పుల్ల ముంచి కాగితం మీద ఉర్దూలో రాసింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, గోధుమపిండి ముద్ద మధ్యలో ఉంచి, అరచేతుల్లో గుండ్రంగా చేసింది. ఆ పిండికి కుంకుమపువ్వు రంగు అక్కడక్కడా అంటుకుంది. దాన్ని పారే నీళ్ళలో వదలాలి. వదిలేముందు మూడో ప్రతినిధి హుసేన్ ఇబ్న్ రౌహ్‌ని పేరుపెట్టి పిలిచి, దీన్ని మా యజమానికి అందజెయ్యి అని చెప్పాలి. ఎప్పుడో వెయ్యేళ్ళ కిందట ఉత్తరాలు మోసిన మనిషికి, ఇంకా ఆ పని మీదే ఉన్నట్టు!

నేనూ రాస్తానన్నాను. నాకు ఉర్దూ రాదు కదా అని వాళ్ళమ్మాయి అంటే, "ఆయనకి రాని భాష ఉంటుందా, తెలుగులోనే రాయి" అంది దాదీమా. స్కైలాబ్ మా ఊళ్ళో పడకూడదు అని రాశాను. మావయ్యగారు ఆ కాగితం చూశారు. "మన ఊళ్ళో పడకపోతే ఎక్కడ పడాలి? ఆమదాలవలసలో పడొచ్చా?" అని అడిగారు. ఆమదాలవలసలో మా పెద్దమ్మ వాళ్ళున్నారు. వద్దన్నాను. "పోనీ టెక్కలిలో?" అక్కడ ఆయన కాలువ పని కూలీలున్నారు. అదీ వద్దన్నాను. "అయితే ఏం రాయాలో నువ్వే చూసుకో" అన్నారు. ఊరి పేరు కొట్టేసి, ఎవరి మీదా పడకూడదు అని మార్చాను. మసక వెలుతురులో నాగావళి ఒడ్డుకి నడిచి వెళ్ళి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నా ముద్ద నేనే వదిలాను.

జులై 11 రాత్రి స్కైలాబ్ ముక్కలై హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలో జనం పెద్దగా లేని చోటా పడింది. ఒక్క మనిషికి కూడా దెబ్బ తగల్లేదు. నా అర్జీ వల్లే అని నేను చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకం పోయినా, ఆ రోజు కాగితం మీద ఊరి పేరు కొట్టేసినప్పుడు కలిగిన ఆలోచన మాత్రం నాలో ఉండిపోయింది.

వాళ్ళ ఎదురుచూపంటే ఏమిటో నాన్నగారు ఒకసారి నేరుగానే అడిగారు. "ఓవర్సీరు గారూ, ఆయనొచ్చి అన్నీ చక్కబెడతాడనుకుంటే మనిషి చేతులు ముడుచుకు కూర్చోడా?" అని. మావయ్యగారు వంశధార మీది గొట్టా బ్యారేజీ సంగతి చెప్పారు. "మాస్టారూ, పైనుంచి నీళ్ళు వదిలే రోజు మన చేతిలో లేదు. కానీ ఆ రోజుకి పిల్లకాలువలు తవ్వి లేకపోతే వచ్చిన నీళ్ళు ఎవరి పొలానికీ ఎక్కకుండా సముద్రంలోకి పోతాయి. మేం చేసేది ఆ తవ్వకమే" అన్నారు. వాళ్ళ బంధువుల్లో ఒకాయన, అన్యాయం బాగా ముదిరితేనే కదా ఇమాం తొందరగా వచ్చేది, మనమెందుకు అడ్డుపడటం అన్నాడట. ఆ సంగతి చెప్తూ మావయ్యగారు మండిపడ్డారు. "అలా అన్నవాణ్ణి ఆయన వచ్చి ముందు నిలదీస్తాడు" అన్నారు. మంచిని చెప్పడం, చెడుని ఆపడం వాళ్ళకి నమాజులాగే విధి. అది ఇమాం వచ్చేదాకా వాయిదా వేసుకునే పని కాదు.

ఆయన ఉద్యోగం కూడా అలాగే చేశారు. మట్టి పనిలో ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, ఎక్కే కొలతని బట్టి డబ్బు. తవ్విన దానికంటే రెండు అంగుళాల లోతు ఎక్కువ రాస్తే కాంట్రాక్టరుకి ఎంత మిగులుతుందో మీలో ఆ పనులు తెలిసినవాళ్ళకి తెలుసు. ఒక దసరాకి ఎవరో కాంట్రాక్టరు మనిషి మా అరుగు మీద సన్నబియ్యం బస్తా దింపి వెళ్ళాడు. మావయ్యగారు సాయంత్రం వచ్చి చూసి, రిక్షా పిలిచి, బాడుగ తనే ఇచ్చి వెనక్కి పంపేశారు. ఆ రాత్రి దాదీమా మాకు అఖీల్ కథ చెప్పింది. ఇమాం అలీ ఖలీఫాగా ఉన్న రోజుల్లో సొంత అన్న అఖీల్ వచ్చి, పిల్లలు ఆకలికి మాడుతున్నారు, ఖజానాలోంచి కొంచెం గోధుమలు ఎక్కువ ఇప్పించమన్నాడు. అలీ ఒక ఇనుపకమ్మీని కాల్చి అన్న ఒంటికి దగ్గరగా పెట్టాడు. అన్న కెవ్వుమన్నాడు. మనిషి కాల్చిన ఇనుముకే నువ్విలా అరుస్తున్నావే, నన్ను దేవుడు రగిలించిన నిప్పులోకి లాగుతావా అన్నాడట అలీ. నాకు ఆ కథ ఇప్పటికీ కఠినంగానే అనిపిస్తుంది. ఆకలితో ఉన్న పిల్లలు గుర్తొస్తారు. దాదీమాతో ఆ మాటే అంటే, ఆ పిల్లలకి పెట్టాల్సింది అలీ సొంత వాటాలోంచి, ఊరందరి గోధుమల్లోంచి కాదు అంది.

వాళ్ళింట్లో అలమరలో పచ్చగుడ్డలో చుట్టిన ఒక పెద్ద పుస్తకం ఉండేది, అలీ ప్రసంగాలూ ఉత్తరాలూ ఉన్న నహ్జుల్ బలాగా. ఈజిప్టుకి గవర్నరుగా మాలిక్ అష్తర్‌ని పంపుతూ అలీ రాసిన ఉత్తరాన్ని మావయ్యగారు నాన్నగారికి తెలుగు చేసి వినిపించేవారు. అందులో రెండు చోట్ల ఆయన గొంతు మారేది. శిస్తు వసూలు కంటే భూమి బాగు మీద ఎక్కువ దృష్టి పెట్టు, నీరు అందకో, వరదొచ్చో, వానల్లేకో రైతులు మొరపెట్టుకుంటే శిస్తు తగ్గించు అన్నది ఒకటి. కాలువ ఓవర్సీరుకి అంతకంటే దగ్గరి మాట ఏముంటుంది! రెండోది, మనుషులు రెండు రకాలు, మతంలో నీకు సోదరుడు, లేదా పుట్టుకలో నీకు సమానుడు అన్నది.

ఆ రెండోది చదివిన రోజున ఆయన దివిసీమ గురించి చెప్పారు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు వీళ్ళు బందరులోనే ఉన్నారు. వేలమంది పోయారు. మావయ్యగారు మూడోనాటికి ఒక లారీలో అవనిగడ్డ వైపు వెళ్ళారు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, తుమ్మచెట్లకి చిక్కుకున్న శవాల్ని దింపి గోతుల్లో పెట్టారు. ఎవరు ఏ మతమో, ఏ కులమో చెప్పే గుర్తు ఏదీ మిగల్లేదు. ఆయన ప్రతి గోతి దగ్గరా ఫాతిహా ప్రార్థన చదివారు, పక్కన పార పట్టుకున్నాయన గోవిందా అన్నాడు. ఇంటికొచ్చాక దాదీమా ఏడుస్తూ, ఇంతకంటే ఖయామత్, ప్రళయం ఏముంటుంది, ఇంకా రాడేం ఆయన అని అడిగిందట. "శవాలు మొయ్యడానికి కూడా ఆయనే రావాలా అమ్మా, నాకు చేతులున్నాయి కదా" అన్నానని చెప్పి మావయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. నాన్నగారూ మాట్లాడలేదు. నేను చాప మీద నిద్రపోతున్నట్టు పడుకుని అంతా విన్నాను.

స్కైలాబ్ ఏడాదే నవంబరులో, హిజ్రీ 1400 మొదటిరోజున, మక్కాలో కొందరు తుపాకులతో మసీదు ఆక్రమించి తమలో ఒకడే మహదీ అని ప్రకటించారు. రెండు వారాలు రక్తపాతం జరిగింది. వాళ్ళు షియాలు కారు. అయినా మా వీధిలో కొందరికి ఆ తేడా తెలీక, మీ ఆయన వచ్చాడటగా అని మావయ్యగారిని అడిగారు. చీమని కూడా చంపకూడని చోట మనుషుల్ని చంపినవాడు ఆయన ఎలా అవుతాడండీ అని మాత్రం అన్నారు.

నన్ను అన్నిటికంటే కట్టిపడేసింది ఖుమ్స్ లెక్క. ఏడాదికి ఒక రోజు పెట్టుకుంటారు. ఆ రోజుకి ఖర్చులు పోగా మిగిలినదాంట్లో అయిదోవంతు ఇచ్చెయ్యాలి. డబ్బే కాదు, వాడకుండా మిగిలిన సరుకులు కూడా లెక్కకి వస్తాయి. అత్తయ్యగారు తెల్లవారే వంటింట్లో డబ్బాలన్నీ దింపి బియ్యం తవ్వతో కొలిచేది. కందిపప్పు, పంచదార, చింతపండు తూచేది, వాళ్ళమ్మాయి పలక మీద రాసేది. ఒకసారి నేను ఉప్పు కూడా లెక్కేనా అన్నాను. ఉప్పు కూడా అంది ఆవిడ, తవ్వ మీద పొడుచుకొచ్చిన బియ్యాన్ని వేలితో సరిచేస్తూ. మొత్తంలో సగం ఇమాం వాటా. ఆయన మరుగున ఉన్నారు కాబట్టి పెద్ద మతగురువుల అనుమతితో ఖర్చు పెడతారు. అప్పట్లో వీళ్ళు అనుసరించింది ఇరాక్‌లోని నజఫ్‌లో ఉన్న అయతొల్లా ఖూయీని. రెండో సగం ప్రవక్త వంశంలోని పేదలకి. అది ఇంకెవరికీ ఇవ్వకూడదు. మరి మా వీధి వాళ్ళకి? దానికి వేరే డాల్డా డబ్బా ఉండేది. పొద్దున్నే ఇంట్లోంచి కాలు బయట పెట్టేముందు అందరూ అందులో ఎంతో కొంత వెయ్యాలి. అది ఎవరికి వెళ్ళేదో మాకు చెప్పేవారు కాదు. నాలుగో ఇమాం జైనుల్ ఆబిదీన్ రాత్రిపూట ముఖం కప్పుకుని బస్తాలు మోసి పేదల గుమ్మాల దగ్గర పెట్టేవారట. ఆయన పోయాక, వీపు మీద మచ్చలు చూసి గానీ ఆ బస్తాలు ఎవరివో మదీనాలో తెలియలేదట. ఇంక వీళ్ళెలా చెప్తారు!

కొన్నేళ్ళకి వాళ్ళు బదిలీ మీద వెళ్ళిపోయారు. దాదీమా ముందు పోయింది, తరవాత మావయ్యగారు బందరులో పోయారు. రిటైరయ్యాక ఆయన రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని, పింఛన్లకీ పట్టాలకీ తిరిగే ముసలివాళ్ళకి అర్జీలు రాసిపెట్టేవారట, డబ్బు తీసుకోకుండా.

ఆయన నమ్మకం నాకు లేదు. మా నాయనమ్మకి కల్కి మీద ఉన్న నమ్మకం కూడా నాకు రాలేదు. కానీ ఈమధ్య ఫోన్లో వచ్చే వీడియోలు చూస్తే బాధగా ఉంటుంది. ఎక్కడ యుద్ధం వచ్చినా ఫలానా నాయకుడే సుఫ్యానీ, ఫలానా ఏడాదే అంతం అని లెక్కలు. మన వాళ్ళు చేసే కలియుగాంతం లెక్కలూ అలాంటివే. వీటిని పంపేవాళ్ళలో ఒక్కరైనా తమ వీధిలో ఎవరింట్లో పొయ్యి వెలగలేదో పట్టించుకున్నట్టు కనపడదు. నేను చూసిన ఎదురుచూపు అది కాదు. అది చాలా శ్రమతో కూడుకున్నది, లెక్క ఒప్పజెప్పాల్సిన రోజు ఉందని తెలిసినవాళ్ళది.

వాళ్ళమ్మాయితో నాకు ఇప్పటికీ మాటలున్నాయి. మనవల కోసం నాన్న గురించి రాసిపెడుతోంది. బందరు సంగతులు ఆమెకి తెలుసు, ఇంటి సంగతులు నేను చెప్పాను. కాలువ మీద సంగతులే తక్కువ పడుతున్నాయి. హిరమండలం నుంచి టెక్కలి వైపు 1978 తరవాత ఎడమ కాలువ పనుల్లో ఉన్నవాళ్ళు, మీ నాన్నలో తాతలో లష్కర్లుగానో కూలీలుగానో చేసినవాళ్ళు, బందరు నుంచి వచ్చిన ఆ సాయిబు ఓవర్సీరు గారి గురించి ఏది విన్నా, ఎంత చిన్న సంగతైనా, నాకు రాయండి.